టైరు లోపలి వేలిముద్ర

లారీ డ్రైవర్లు, బస్సు డ్రైవర్లు, చివరికి పాత ఇనుము కొనే ముసలాయన కూడా ఆమెను బొటనవేలక్క అనే పిలుస్తారు. తల నెరిసినవాళ్ళు కూడా అక్కా అక్కా అంటుంటే మొదట్లో ఆమెకు ఒళ్ళు మండేది. పోనుపోను అలవాటైపోయింది. యాభై రెండేళ్ళ మనిషి. బక్కపలచని ఒళ్ళు, మోచేతుల దాకా వదలని నలుపు. అది మురికి కాదు, ముప్పై ఏళ్ళ రబ్బరు పొడి. ఏ సబ్బూ దాన్ని ఏమీ చెయ్యలేకపోయింది. వయసులో ఉండగా రెండు సంబంధాలు వచ్చాయి గానీ, వాటిలో ఒకాయన "అమ్మాయి దగ్గర ఏదో కాలిన వాసన వస్తోందండీ" అన్నాడు. "ఆ వాసనే మాకు అన్నం పెడుతోందని చెప్పు నాన్నా" అని ఆమె లోపలి గదిలోంచే జవాబిచ్చింది. రెండో సంబంధం వాళ్ళు ఈ మాట విని గడప దాకా కూడా రాలేదు. ఆమె దానికి దిగులు పడిందీ లేదు.

పని ఏమిటంటే, అరిగిపోయిన టైర్లకు కొత్త తొడుగు వెయ్యడం. రోడ్డు మీద అరిగేది టైరు పైభాగమే. లోపలి ఒళ్ళు, అంటే కేసింగు, గట్టిగా ఉంటే దాన్ని గీకి, జిగురు పూసి, పైన కొత్త రబ్బరు పట్టీ చుట్టి, ఇనప గదిలో ఆవిరి మీద ఉడికిస్తే టైరు మళ్ళీ బతుకుతుంది. రేకుల కప్పు కింద పొడుగాటి షెడ్డు, ఒక మూల గీకుడు మిషను, ఇంకో మూల ఉడికించే ఇనప గది, కిటికీ పక్కన ఒక స్టూలు. ఆ స్టూలు ఆమెది. షాపులో ఎవరు ఎక్కడ కూర్చున్నా అడిగేవాళ్ళు లేరు గానీ, ఆ స్టూలు మీద కూర్చుంటే మాత్రం ఊరుకునేది కాదు.

ఎందుకంటే టైరు బతుకుతుందో లేదో తేలేది అక్కడే. వచ్చిన ప్రతి టైరునూ ఎదురుగా నిలబెట్టుకుని, పెదాలు విడదీసినట్టు అంచులు విడదీసి, చెయ్యి లోపలికి పోనిచ్చి, కళ్ళు మూసుకుని చుట్టూ తడిమేది. విరిగిన మేకు ముక్కో, లేచిన పొరో, జుట్టంత పగులో, ఆ చేతికి దొరక్కుండా పోయేది కాదు. తర్వాత చిన్న సుత్తితో చుట్టూ కొట్టి వినేది. మంచి కేసింగు ఖంగుమంటుంది. లోపల పొరలు విడిపోయినదైతే పగిలిన కుండలా మొద్దుగా పలుకుతుంది. ఆమె తల అడ్డంగా ఊపిందంటే ఆ టైరుకు నూకలు చెల్లినట్టే. బాగుందనుకుంటే, అంచుకు దగ్గరగా, ఉడికించేటప్పుడు ఒత్తిడి తగలని చోట, రూపాయి బిళ్ళంత పచ్చి రబ్బరు అంటించి, దాని మీద తన కుడి బొటనవేలు ఒత్తేది. ఆవిరికి ఉడికాక ఆ ముద్ర రాయిలా గట్టిపడి, టైరు ఉన్నంతకాలం చేతికి తగులుతూనే ఉండేది. బొటనవేలక్క చూసింది, ఇక భయం లేదు అని దాని అర్థం.

ఈ అలవాటు నేర్పింది తండ్రి. ఆయన మహా మాటకారి. చేతిలో పని నడుస్తుంటే నోట్లో టైర్ల పురాణం నడిచేది. ఆయన తండ్రి కాలంలో బండి చక్రానికి తొడిగింది గట్టి రబ్బరు, గాలి లేదు, ఏమీ లేదు, కూర్చున్నవాడి నడుం విరిగేది. అంతకు ముందు రబ్బరు ఎండకు కరిగి బంకగా మారేదట, చలికి పెళుసెక్కి విరిగిపోయేదట. ఒక మొండివాడు ఏళ్ళ తరబడి దానితో కుస్తీ పట్టి, చివరికి గంధకం కలిపిన రబ్బరు పొయ్యి మీద పొరపాటున పడితే అది కరగకుండా గట్టిపడడం చూశాడట. "అదేనే మనం ఇప్పటికీ చేసేది, ఉడికించడం" అనేవాడు తండ్రి, ఆ మొండివాడు తన మేనమామ అయినట్టు.

ఆమెకు అన్నిటికంటే ఇష్టమైన కథ గాలి టైరుది. పశువుల డాక్టరు ఒకాయన, కొడుకు మూడు చక్రాల బండి గతుకుల్లో ఎగిరెగిరి పడుతోందని, రబ్బరు గొట్టంలో గాలి నింపి చక్రాలకు చుట్టాడు. లోకమంతా ఆయన్ను నెత్తిన పెట్టుకుంది. కానీ అంతకు నలభై ఏళ్ళ ముందే ఇంకొకడు ఇదే పని చేసి, తోలు తొడిగి, గుర్రబ్బండికి కట్టి నడిపి చూపించాడు. ఎవరికీ గుర్తు లేదు. "మరి మొదటాయన ఏమైపోయాడు నాన్నా?" అని చిన్నప్పుడు ఆమె పదేపదే అడిగేది. "ఏమవుతాడు, మర్చిపోయారు" అనేవాడు. ఆ మాట ఆమెకు మింగుడుపడేది కాదు. ఎవరు చేసిన పని మీద వాళ్ళ గుర్తు ఉండాలని ఆమె అప్పుడే పట్టుబట్టింది. వేలిముద్ర ఆలోచన తండ్రిది, పట్టుదల మాత్రం కూతురిది.

తండ్రికి ఇంకో నియమం ఉండేది. తిరస్కరించిన టైరును ఊరికే పక్కన పడేసేవాడు కాదు. అంచులో గట్టి ఉక్కు తీగల కట్ట ఉంటుంది, టైరును చక్రానికి పట్టి ఉంచేది అదే. రంపం తీసుకుని ఆ కట్టను తెగ్గోసేవాడు. చెమటలు కక్కుకుంటూ పావుగంట కోస్తే గానీ తెగదు. "చచ్చినదాన్ని పూర్తిగా చంపాలమ్మా. లేకపోతే ఏ వెధవో దీన్ని తీసుకెళ్ళి బండికి తొడుగుతాడు" అనేవాడు. ఆయన పోయాక రంపం ఆమె చేతికి వచ్చింది.

రంపంతో పాటు తమ్ముడు కూడా వచ్చాడు.

పదేళ్ళు చిన్నవాడు. తల్లి వాడి మూడో ఏటే పోయింది. అన్నం కలిపి పెట్టింది, చొక్కాకు గుండీలు కుట్టింది, వాడు జ్వరంతో మూలుగుతుంటే చన్నీళ్ళ గుడ్డ వేసింది, అన్నీ ఆమే. వాడికి తొమ్మిదేళ్ళప్పుడు సైకిలు నేర్చుకుంటూ ట్యూబు పంక్చరు చేసుకుని ఏడుస్తూ షాపుకొచ్చాడు. మళ్ళీ పడతానేమోనని వాడి భయం. ఆమె ట్యూబుకు ప్యాచ్ వేస్తూ, ఆ పచ్చి రబ్బరు మీద తన బొటనవేలు గట్టిగా ఒత్తి, ఉడికించి, "ఇదిగో, అక్క నీ చక్రంలోనే ఉంది. ఇక పడవు" అంది. వాడు కళ్ళు తుడుచుకుని ఎక్కాడు. నిజంగానే పడలేదు. తర్వాత ఆ ట్యూబు చీకిపోయినా, ప్యాచ్ ఉన్నంత మేర కత్తిరించి ఒక రేకు డబ్బాలో దాచుకున్నాడు. పెళ్ళయి, నెత్తిన జుట్టు పలచబడ్డాక కూడా ఆ డబ్బా వాడి బల్ల సొరుగులోనే ఉండేది. వాల్వుల కోసం వెతుకుతూ ఒకసారి ఆమె దాన్ని చూసింది. ఎవరికీ చెప్పలేదు గానీ, ఆ వారమంతా ఆమె కాళ్ళు నేల మీద నిలవలేదు.

కాలం మారింది. నూలు పొరల టైర్లు పోయి నైలాన్ వచ్చాయి. నైలాన్ పోయి ఉక్కు తీగల రేడియల్ వచ్చింది. తర్వాత లోపల ట్యూబే లేని టైర్లు వచ్చాయి. ఆమె ఒక్కోదాన్నీ విప్పి, కోసి, వాసన చూసి, మళ్ళీ ఒకటో తరగతి నుంచి నేర్చుకుంది. ఆరేళ్ళ కిందట ఒక రేడియల్ టైరు తడుముతుంటే లోపల తెగిన ఉక్కు తీగ ఒకటి ఆమె బొటనవేలును ఈ చివర నుంచి ఆ చివరకు ఏటవాలుగా చీల్చేసింది. నెల రోజులు కట్టు. మానాక వేలు మీద గీతల్ని అడ్డంగా కోస్తూ ఒక మచ్చ మిగిలింది. "ఏంటక్కా, నీ వేలికి కూడా ప్యాచ్ పడిందే" అని తమ్ముడు నవ్వాడు. ఆమె కూడా నవ్వింది. ఆనాటి నుంచి వేసిన ప్రతి ముద్రలోనూ ఆ ఏటవాలు గీత పడుతూనే ఉంది.

కొత్త టైర్లు చవకయ్యే కొద్దీ పని పలచబడింది. ఆ దిగుల్లోనే తమ్ముడు రంపం సంగతి ఎత్తాడు.

"అక్కా, పనికిరావని కోసేస్తున్నావు కదా, వాటిని పడవల రేవు వాళ్ళు అడుగుతున్నారు. పడవ ఒడ్డుకు తగలకుండా కట్టుకుంటారట. పార్కుల వాళ్ళు ఉయ్యాలలకు అడుగుతున్నారు. కోస్తే అంచు విచ్చుకుపోతుంది, ఎవరికీ పనికిరాదు."

"నాన్న నియమం రా అది."

"నాన్న కాలంలో మన షాపులో నేనున్నానా? నా మీద నమ్మకం లేకపోతే చెప్పు."

తమ్ముడి మీద నమ్మకం లేదని ఏ అక్క అంటుంది? ఆమె రంపాన్ని గోడకు తగిలించింది. అప్పటినుంచి పనికిరాని టైరు లోపల సుద్దముక్కతో అడ్డగీతలు గీసి పక్కన పెట్టడం మొదలుపెట్టింది. పావుగంట రంపపు కోత పోయి ఒక్క క్షణం సుద్దగీత వచ్చింది. ఆ గీత తడిగుడ్డకు ఎంతసేపు ఆగుతుందని అడగాల్సింది ఆమే. అడగలేదు. తడిమి చూడకుండా ఆమె ముద్ర వేసింది జీవితంలో ఒక్క తమ్ముడికే.

ఒక మంగళవారం ఉదయం ఆమె స్టూలు మీద కూర్చుని సుత్తి చేతికి తీసుకుంటుండగా గడియారం అన్నయ్య వచ్చాడు. ఊళ్ళ మధ్య చిన్న బస్సు నడిపే డ్రైవరు. ఆయన బస్సు వచ్చిందంటే వాచీలు సరిచేసుకోవచ్చు, అందుకే ఆ పేరు. పద్దెనిమిదేళ్ళుగా ఆయన బస్సు వెనక చక్రాలకు ఈ షాపు టైర్లే. కొత్త తొడుగు వేసిన టైరు ముందు చక్రానికి వెయ్యకూడదన్న నియమం కూడా తండ్రిదే, దాన్ని ఆయన అక్షరాలా పాటించేవాడు. టైరు బిగించే ముందు లోపలికి చెయ్యి పెట్టి, వేలిముద్ర తగిలాకే మెకానిక్‌ను పని మొదలుపెట్టనిచ్చేవాడు.

ఆ రోజు ఆయన కుడి చేతికి మణికట్టు నుంచి మోచేతి దాకా కట్టు ఉంది. ఎడమ చంకలో ఒక సంచి.

"ఏమైంది అన్నయ్యా?" అని ఆమె గాభరాగా లేచింది.

ఆయన కూర్చోలేదు. సంచి బోర్లించాడు. చినిగిన టైరు ముక్క నేల మీద పడింది.

"మొన్న శనివారం, వెనక ఎడమ టైరు. దారి మధ్యలో పేలింది. బస్సు పక్కకు లాగేసి గట్టు దిగింది. నా చెయ్యి సంగతి వదిలెయ్యండి. బడి పంతులమ్మ ఒకావిడకు కాలు రెండు చోట్ల విరిగింది. గాలి చూసుకోకుండా తోలానని కంపెనీ నన్ను పక్కన పెట్టింది. రేపు విచారణ. తేలితే లైసెన్సు పోతుంది."

ఆమె వంగి ఆ ముక్క వైపు చెయ్యి చాపింది.

"నేను గాలి చూసుకున్నాను అక్కా. రోజూ చూసుకుంటాను. ఇంకా ఏం చూసుకున్నానో తెలుసా? ఇదిగో, ఇది." ఎడమ చేత్తో ముక్కను తిప్పి లోపలి వైపు చూపించాడు. గుండ్రటి రబ్బరు బిళ్ళ, దాని మీద బొటనవేలి ముద్ర. "దీన్ని చూసే ఇరవై ఏడు మందిని ఎక్కించుకున్నాను. పద్దెనిమిదేళ్ళు దేవుడి కంటే ఎక్కువ నమ్మాను దీన్ని. ఇంత మోసం చేస్తారనుకోలేదు."

ఆయన గొంతు పెంచలేదు. పెంచి ఉంటే ఆమె తట్టుకునేదేమో. ముక్కను అక్కడే వదిలేసి వెళ్ళిపోయాడు.

ఆమె ముక్కను ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ముందు తననే తిట్టుకుంది. వయసు మీద పడింది, చెయ్యి మొద్దుబారింది, చెవి మందగించింది, ఒక ఆడకూతురి కాలు విరగ్గొట్టాను అనుకుంది. తర్వాత అలవాటు కొద్దీ ఆ ముక్కను తడమడం మొదలుపెట్టింది. టైరు భుజం, అంటే పైతొడుగు అంచు దగ్గర పొర లేచిన చోటు. లేచిన పొర కింద పాత పగులు. ఆ పగులు ఆమె చేతికి పరిచయమున్న పగులు. రెండు నెలల కిందట ఇదే స్టూలు మీద ఇదే టైరును కొట్టి చూసింది, మొద్దుగా పలికింది, తల అడ్డంగా ఊపింది. పగులును గోరుతో విడదీసి చూస్తే సందులో తెల్లగా సుద్ద మెరిసింది. తుడిచినవాడి గుడ్డకు అందనంత లోతులో ఉండిపోయింది.

అప్పుడు బొటనవేలి ముద్రను కిటికీ వెలుగులో పట్టి చూసింది. గీతలన్నీ ఆమెవే. సుడి ఆమెదే. కానీ నునుపుగా, ముచ్చటగా ఉంది. ఏటవాలు మచ్చ లేదు.

రెండు నెలల కిందట వేసిన ముద్రలో ఆరేళ్ళ నాటి మచ్చ లేదు. అంటే ఇది ఆమె వేలే, ఆమె వేసింది మాత్రం కాదు. ఎప్పటిదో పాత ముద్ర నుంచి అచ్చు తీసుకుని ఎవరో కొట్టారు. ఎవరో అని ఆమె మనసు కాసేపు అటూ ఇటూ తప్పించుకుని తిరిగింది. షాపులో ఉన్నది ఇద్దరే. ఉడికించే గది తాళం ఉన్నది ఒక్కడి దగ్గరే. పడవల రేవుకు టైర్లు తోలుకెళ్ళేది కూడా వాడే. ఒక్కసారైనా ఆ రేవుకు వెళ్ళి చూడలేదని అప్పుడు గుర్తొచ్చింది. స్టూలు అంచు పట్టుకుంది.

తమ్ముడు పదకొండింటికి టీ ఫ్లాస్కుతో వచ్చాడు. ఆమె టైరు ముక్కను వాడి బల్ల మీద పెట్టి, పక్కన తన కుడి చెయ్యి వెల్లకిలా పెట్టింది. వాడు ముద్రను చూశాడు, వేలును చూశాడు. మొహంలో రక్తం ఇంకిపోయింది.

"ఎన్ని?" అంది.

"అక్కా, నా మాట విను..."

"ఎన్ని రా?"

"పదిహేనో, పదహారో. అన్నీ మరీ పాడైనవి కావక్కా. నువ్వు వంద చూస్తే ముప్పై పక్కన పడేస్తావు. కొత్త టైర్లు వచ్చి మన పని మింగేస్తుంటే నీ చాదస్తం నీదే. షాపు మూతపడితే ఏం చేస్తావు నువ్వు? ఈ వయసులో ఎక్కడికెళతావు? నీకోసమే చేశాను."

"నాకోసం నా వేలు కోశావా?"

వాడు సొరుగులోంచి ఒక చెక్క పిడి తీసి బల్ల మీద పెట్టాడు. చివర గట్టి రబ్బరు అచ్చు. ఏదో పాత టైరులోంచి తీశానని గొణిగాడు. ఆమె అదీ నమ్మింది. అంత దెబ్బ తిన్నాక కూడా నమ్మింది. ముప్పై మూడేళ్ళ అలవాటు ఒక్క పూటలో పోతుందా?

వాడు కుర్చీ దగ్గరకు లాక్కుని గొంతు తగ్గించాడు. "రేపు విచారణకు నిన్ను పిలుస్తారు. నువ్వు అబద్ధం చెప్పక్కర్లేదు. ముద్ర నీదేనా అని అడుగుతారు. నాదే అను. నిజమే కదా? బొటనవేలక్క చూసిన టైరు పాడవదని ఊరంతా తెలుసు. నువ్వు ఒక్క మాటంటే చాలు, తప్పు గాలి చూసుకోని డ్రైవరు మీదకు పోతుంది. మనం బయటపడతాం."

ఆమె వాడి మొహంలోకి చూసింది. ఇన్నేళ్ళూ కూడబెట్టుకున్న నమ్మకాన్ని గడియారం అన్నయ్య మెడకు ఉరితాడుగా బిగించమంటున్నాడు, అదీ ఎంతో తెలివైన మాట చెప్పినట్టు. ఆమెకు ఏడుపు రాలేదు. ఒళ్ళంతా భగ్గుమంది.

"ఇంటికి పో" అంది. "రేపు అక్కడ కలుద్దాం."

విచారణ బస్సు కంపెనీ వర్క్‌షాపు పక్క గదిలో జరిగింది. పొడుగాటి బల్ల, నాలుగు కుర్చీలు, గోడకు ఆగిపోయిన గడియారం. రవాణా శాఖ నుంచి వచ్చిన అధికారి కళ్ళజోడు ముక్కు చివరకు జారిన మనిషి. ఒక పక్క గడియారం అన్నయ్య, కట్టు కట్టిన చెయ్యి బల్ల మీద పెట్టుకుని. ఇంకో పక్క తమ్ముడు, ఇస్త్రీ చొక్కాలో. ఆమె వచ్చి కూర్చుంటే డ్రైవరు మొహం తిప్పుకున్నాడు.

అధికారి టైరు ముక్క ముందుకు జరిపాడు. "ఈ ముద్ర మీదేనామ్మా?"

"నాదే."

తమ్ముడు కుర్చీలో వెనక్కి వాలాడు. డ్రైవరు కళ్ళు మూసుకున్నాడు.

"కానీ నేను వేసింది కాదండీ. సిరా డబ్బా ఉంటే ఒకసారి ఇవ్వండి."

డబ్బా ఇచ్చారు. బొటనవేలు సిరాలో ముంచి తెల్ల కాగితం మీద ఒత్తింది. ఆ కాగితాన్ని టైరు ముక్క పక్కన పెట్టింది. కాగితం మీద ముద్రను అడ్డంగా కోస్తూ తెల్లటి ఏటవాలు గీత. రబ్బరు మీద ముద్రలో అది లేదు. అధికారి కళ్ళజోడు పైకి తోసుకుని అటూ ఇటూ చూశాడు.

"ఈ మచ్చకు ఆరేళ్ళండీ. టైరుకు తొడుగు వేసి రెండు నెలలు. దీన్ని నేను పనికిరాదని పక్కన పెట్టాను. నేను గీసిన సుద్ద ఇంకా పగుల్లో ఉంది, చూసుకోండి. ఈ అన్నయ్య గాలి చూసుకోకపోవడం వల్ల పేలలేదు. ఆయన గాలితో పాటు నన్ను కూడా చూసుకున్నాడు. ఆయన తప్పు ఏమైనా ఉంటే నన్ను నమ్మడమే."

"మరి ముద్ర ఎవరు వేశారు?"

గదిలో అందరూ ఆమె వైపే చూస్తున్నారు, ఒక్కడు తప్ప. వాడు నేల చూపులు చూస్తున్నాడు. తొమ్మిదేళ్ళప్పుడు పంక్చరైన ట్యూబుతో నిలబడ్డప్పటిలాగే కుంగి ఉన్నాయి వాడి భుజాలు. అది చూస్తూనే ఆమె నోరు విప్పింది.

"నా తమ్ముడు. నేను పెంచిన తమ్ముడు. రంపం పక్కన పెట్టింది మాత్రం నేను. అది కూడా రాసుకోండి."

డ్రైవరు మీద నింద తొలగింది. తమ్ముడి మీద కేసు రాశారు. షాపు నుంచి ఈమధ్య వెళ్ళిన టైర్లన్నీ వెనక్కి తెప్పించి చూడమన్నారు. పది రోజుల పాటు లారీలూ బస్సులూ షాపు ముందు వరసకట్టాయి. ఆమె ఒక్కో టైరునూ విప్పించి, లోపలికి చెయ్యి పెట్టి, ముద్ర మీద మచ్చ ఉందో లేదో తడిమింది. మచ్చ లేనివి పదహారు కాదు, ఇరవై తొమ్మిది తేలాయి. లెక్కలో కూడా అబద్ధమే చెప్పాడు. గోడ మీద రంపం దింపి, తుప్పు గీకి, ఇరవై తొమ్మిదింటినీ తనే కోసింది. అరచేతులు బొబ్బలెక్కాయి. ఒక డ్రైవరు సాయం చేస్తానంటే వద్దంది.

గడియారం అన్నయ్య ఒక పొద్దున వచ్చాడు. కట్టు ఇంకా విప్పలేదు. "నా లైసెన్సు నిలబెట్టారు అక్కా. మీరు చేసింది చిన్న పని కాదు" అన్నాడు. ఆమె స్టూలు ముందున్న టైరును చూపించి, "ఇది మీ బస్సుదే. నేనే చూశాను" అంది. ఆయన లోపలికి చెయ్యి పెట్టాడు. మచ్చ ఉన్న ముద్ర వేళ్ళకు తగిలింది. అయినా చెయ్యి అక్కడ ఆగలేదు. చుట్టూ అంతా తడిమి చూసుకున్నాడు, ఒకసారి కాదు, రెండుసార్లు. చూసుకుని మొహమాటంగా నవ్వాడు. ఆమె కూడా నవ్వింది. ఆయన వెళ్ళాక చాలాసేపు ఏ టైరూ ముట్టుకోలేదు.

ఆ మధ్యాహ్నమే తమ్ముడు తన పనిముట్లు తీసుకెళ్ళడానికి వచ్చాడు. ఎక్కడో వేరే ఊళ్ళో గోడౌనులో పని చూసుకున్నాడట. సొరుగు ఖాళీ చేస్తుంటే రేకు డబ్బా జారి కింద పడింది. మూత ఊడి, వాల్వులు, నట్లు, వాటితో పాటు అరచేతిలో పట్టేంత పాత ట్యూబు ముక్క బయటపడ్డాయి. ఆమె వంగి దాన్ని తీసింది. ముప్పై మూడేళ్ళ నాటి ప్యాచ్. మధ్యలో తన వేలు, పంతొమ్మిదేళ్ళ వయసు నాటిది, ఏ మచ్చా లేనిది. గీతల మధ్య తెల్లగా ఏదో ఇరుక్కుని ఉంది. సుద్ద అనుకుని గోరుతో గీకింది. సుద్ద కాదు. అచ్చు తియ్యడానికి పోసిన సున్నపు పిండి, గట్టిపడిపోయి ఉంది.

పాత టైరులోంచి తియ్యలేదు వాడు. దీని నుంచి తీశాడు.

"ఇంకేదీ దొరకలేదా రా నీకు?" అంది.

ఈసారి వాడు దాచాలనుకోలేదు. అది ఆమెను పొడుస్తుందని వాడికి తట్టలేదు కూడా. "పాత టైర్లలో ముద్రలన్నీ వేడికీ ధూళికీ అరిగిపోయాయక్కా. కొత్తగా వేసినవి ఎప్పుడూ నీ కళ్ళ ముందే ఉంటాయి. ఇదొక్కటే శుభ్రంగా ఉంది" అన్నాడు, పని సంగతి చెప్పినట్టు.

శుభ్రంగా ఉండక ఏం చేస్తుంది? అంత ప్రేమగా దాచుకున్నాడు మరి.

ఆమె ప్యాచ్‌ను బల్ల మీద పరిచింది. ట్యూబులు కోసే కత్తెర తీసుకుంది. ముద్ర మధ్యలో, సుడి మీదుగా, ఒక్క కోతలో రెండు ముక్కలు చేసింది.

"అక్కా!" అని తమ్ముడు కేకపెట్టాడు. బల్ల మీదకు వంగి రెండు ముక్కలనూ పట్టుకుని, కలిసి ఉండేలా ఒకదానికొకటి ఆనించి, చిన్నపిల్లాడిలా వెక్కివెక్కి ఏడ్చాడు. ఇరవై తొమ్మిది టైర్లకూ, డ్రైవరు చేతికీ, పంతులమ్మ కాలికీ రాని ఏడుపు ఇప్పుడు వచ్చింది. అదీ నిజమైన ఏడుపే. ఆమెకు అది తెలుసు, అందుకే దగ్గరకు వెళ్ళలేకపోయింది.

"చచ్చినదాన్ని పూర్తిగా చంపాలనేవాడు నాన్న" అంది. కత్తెర మేకుకు తగిలించి, స్టూలు మీద కూర్చుని, వరసలో ఉన్న తర్వాతి టైరును ముందుకు లాక్కుంది.